గోడ మొదటి సందు: మూయదగినది, మూయరానిది

గత శీతకాలంలో మా పూర్వ విద్యార్థి ఒకరు ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరం నుండి మాకొక లేఖ పంపారు. పై చదువుకై వెళ్ళి, మరి ముగ్గురు మిత్రులతో కలసి అక్కడ ఒక పాత ఇంట అద్దెకు ఉంటున్నారు. క్షేమ సమాచారాల తరువాత లేఖలో ఇట్లా ఉన్నది: "సార్, కిటికీలు, తలుపులు అన్నీ మూసే ఉంటున్నాము. అయినా కూర్చుంటే కాళ్ళు కొంకర్లు పోతున్నాయి. వెతగ్గా వెతగ్గా తెలిసిందేమంటే, గోడ మొదట్లో కొట్టిన చెక్కపట్టీకి, నేలకు మధ్య సన్నని సందు ఉన్నది. చలిగాలి అందులోనుండి వస్తున్నది. గుడ్డలు కుక్కి మూసివేయమంటారా?"

ప్రశ్న చిన్నది. సాహిత్యం బోధించేవారిని అడగవలసిన ప్రశ్న కూడా కాదు. కాని శిష్యుడు గురువును అడిగేటప్పుడు ఇది మీ శాస్త్రమేనా అని ఆలోచించడు. తెలియకపోతే తెలుసుకొని చెప్పడం గురువు విధి. మేము వెంటనే "మూయండి" అని వ్రాయలేదు. ముందుగా ఒక ఎదురు ప్రశ్న వేశాము: "ఆ గదిలో ఏదైనా మండుతున్నదా?" ఆ ప్రశ్న మా నోట ఎందుకు వచ్చిందో ఈ వ్యాసంలో తగిన చోట మనవి చేస్తాము. ఆ లేఖ నిమిత్తంగా మేము చదివినవి, ఇంజనీరు మిత్రులను, మేస్త్రీలను అడిగి తెలుసుకొన్నవి మన విద్యార్థులకు ఉపకరిస్తాయన్న ఆశతో ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మాటల వివరం

ముందుగా మాటల సంగతి చూద్దాం. ఖాళీని చెప్పడానికి తెలుగులో ఎన్ని పదాలున్నవో గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఎండకు నేల విచ్చితే నెర్రె. గోడ విచ్చితే బీట. సూదికి ఉండేది బెజ్జం, కుండకు పడేది చిల్లు, దొంగ గోడకు పెట్టేది కన్నం, చెట్టు మానులో ఉండేది తొర్ర. ఎలుక చేసుకొనేది బొరియ లేక కలుగు. రెండు వస్తువులు కలియవలసిన చోట కలియక మిగిలిపోయిన ఖాళీకి మాత్రం సందు అని పేరు. గోడకు, నేలకు మధ్య ఉండేది ఈ చివరి జాతికి చెందినది. అది ఎవరో చేసిన రంధ్రం కాదు. రెండు నిర్మాణాలు ఒకదానినొకటి అందుకోలేకపోయిన చోటు.

ఈ సందును కప్పడానికే గోడ మొదట్లో నాలుగు నుండి ఆరు అంగుళాల ఎత్తున ఒక పట్టీ వేస్తారు. దానిని మన మేస్త్రీలు కూడా స్కర్టింగు అనే అంటారు. మన ప్రాంతంలో అది బండతోనో, టైలుతోనో, సిమెంటుతోనో వేసినది. చలి దేశాలలో చాలా చోట్ల చెక్కతో చేసినది.

సందుకు ఎదురుగా మరొక మాట ఉన్నది. గాలి రావడానికి కావాలని విడిచిన ఖాళీని సంస్కృతంలో గవాక్షం అన్నారు. ఆవు కన్ను వంటిదని దాని అర్థం. దానినే ఉర్దూలో రౌషన్‌దాన్ అంటాము; వెలుగుకు నెలవైనదని భావం. గోడలో ఖాళీగా కనిపించేది సందో, గవాక్షమో ముందుగా తెలుసుకోవాలి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన విషయమంతా ఈ ఒక్క భేదంలోనే ఉన్నది.

ఆ దేశపు ఇంటి నిర్మాణం

బ్రిటనులో విక్టోరియా రాణి కాలంలో, అనగా 1837 నుండి 1901 వరకు, కట్టిన ఇళ్ళలో లక్షలాది ఇళ్ళు నేటికీ నివాసంలో ఉన్నవి. పారిశ్రామిక నగరాలలో వరుసగా గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ళు అవి. మన వారు అక్కడకు చదువుకో ఉద్యోగానికో వెళ్ళినప్పుడు తరచు అద్దెకు దొరికేవి ఇటువంటి ఇళ్ళే.

ఆ ఇళ్ళలో చాలా వాటి నేల మన ఇళ్ళ నేల వంటిది కాదు. మనం మట్టి నింపి, దిమ్మిస కొట్టి, పైన బండలు పరుస్తాము. వారు నేలమీద పొట్టి గోడలు కట్టి, వాటిపై చెక్క దూలాలు వరుసగా పెట్టి, ఆ దూలాలపై పలకలు కొట్టారు. కాబట్టి గదిలో నడిచేవారి పాదాలకు, అడుగున ఉన్న మట్టికి మధ్య ఒక చీకటి గుహ వంటి ఖాళీ ఉంటుంది. మట్టిలోని చెమ్మ ఆ ఖాళీలోనికి ఎగసి దూలాలకు పట్టకుండా, వెలుపలి గోడలో అడుగు భాగాన అక్కడక్కడ చిల్లుల ఇటుకలు అమర్చారు. ఒక వైపు గోడ నుండి ప్రవేశించిన గాలి ఎదుటి గోడ నుండి వెలుపలికి పోతూ దూలాలను ఆరబెడుతుంది. ఇది తెలివైన ఏర్పాటు.

అయితే ఆ గాలి అడుగుననే ఉండక గదిలోనికి కూడా వస్తున్నది. దీనికి కారణాలు మూడు. మొదటిది, చెక్క తన పొడవు వెంట అంతగా కుదించుకొనదు గాని అడ్డంగా చాలా కుదించుకొంటుంది. నూరేళ్ళు ఎండిన పలకల మధ్య, పట్టీ కింద సందులు విచ్చుకొంటాయి. రెండవది, దూలాలు కాలక్రమంలో కొద్దిగా కుంగితే నేల కిందికి దిగుతుంది. గోడకు కొట్టిన పట్టీ ఉన్న చోటనే ఉంటుంది. మూడవది, పట్టీ వెనుక గోడపూత, అనగా గిలాబు, నేల దాకా రాక కొంత పైననే ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు అడుగు నుండి పైకి వచ్చిన గాలికి పట్టీ వెనుక ఒక రహస్య మార్గం దొరుకుతుంది. కనుకనే ఒక్కొక్కచోట పట్టీ కిందనుండే కాక పట్టీ పైఅంచు నుండి కూడా చల్లదనం తగులుతుంది.

ఆ మేస్త్రీలు అంత అజాగ్రత్తగా ఎందుకు కట్టారని అడగవచ్చు. అది పూర్తిగా అజాగ్రత్త కాదు. ఆనాడు గది గదిలో బొగ్గు పొయ్యి ఉండేది. పొయ్యి మండడానికి గాలి కావాలి. పొగగొట్టం గదిలోని గాలిని పీల్చుకొంటూ ఉంటే, సందుల నుండి కొత్త గాలి వచ్చి ఆ లోటు తీర్చేది. 1952 డిసెంబరులో లండను నగరాన్ని కమ్మిన పొగమంచు వేలమంది ప్రాణాలు తీసిన తరువాత, 1956లో అక్కడ స్వచ్ఛమైన గాలి కొరకు చట్టం వచ్చింది. క్రమంగా బొగ్గు పొయ్యిలు ఆరిపోయి, వేడినీటి గొట్టాలతో గదులు వెచ్చజేసుకొనే పద్ధతి ఇంటింటికీ వచ్చింది. పొయ్యి పోయింది, పొయ్యి కొరకు వచ్చే గాలి మాత్రం మిగిలింది.

గాలి నడక

వెచ్చని గాలి తేలిక, చల్లని గాలి బరువు అని మనం చిన్న తరగతులలోనే చదువుకొన్నాము. ఎంత తేలిక, ఎంత బరువు? ఒక ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 1.20 కిలోగ్రాములు తూగుతుంది. అదే గాలి 0 డిగ్రీల వద్ద సుమారు 1.29 కిలోగ్రాములు తూగుతుంది. భేదం తొంభై గ్రాములే. కాని రెండంతస్తుల ఇల్లంతా నిండిన వెచ్చని గాలికి, వెలుపలి చల్లని గాలికి మధ్య ఈ భేదం పగలూ రాత్రీ పని చేస్తూనే ఉంటుంది. వెచ్చని గాలి పైకప్పు సందుల నుండి పైకి పోతుంది. పోయిన దాని స్థానాన్ని నింపడానికి అడుగు సందుల నుండి చల్లని గాలి లోనికి వస్తుంది. ఇల్లే ఒక పెద్ద పొగగొట్టం వలె పని చేస్తుందన్నమాట. వెలుపల గాలి వీచే రోజున ఈ ప్రవాహం మరింత బలపడుతుంది.

సందు సన్ననిదే కదా అని ఉపేక్షించరాదు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు గల గది తీసుకొందాం. నాలుగు గోడల చుట్టుకొలత 48 అడుగులు. తలుపుకు 3 అడుగులు తీసివేస్తే 45 అడుగులు, అనగా 540 అంగుళాలు. గోడల పొడవునా అంగుళంలో ఎనిమిదవ వంతు సందు ఉన్నదనుకొంటే, మొత్తం ఖాళీ 67.5 చదరపు అంగుళాలు అవుతుంది. ఎనిమిది అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు గల కంత కూడా 64 చదరపు అంగుళాలే. గోడలో అంత కంత ఉంటే ఏ గృహస్థు అయినా ఒక్క రాత్రి ఊరుకొంటాడా? అదే కంతను సన్నగా సాగదీసి గది చుట్టూ పరిచినందున మన కంటికి ఆనడం లేదు, అంతే.

కొంచెం కొంచెంగా పోయేదానిని మనిషి గుర్తించడు. డబ్బు విషయంలో పెద్దలు ఈ మాట తరచు చెబుతారు. వెచ్చదనం కూడా డబ్బే. ఆ దేశాలలో శీతకాలపు ఇంధనపు ఖర్చు విద్యార్థులకు పెద్ద భారం.

పరీక్షించే పద్ధతి

సందు ఎక్కడ ఉన్నదో తెలుసుకొనడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. మన ఇళ్ళలో ఉండే ఊదుబత్తి చాలును. గాలి వీచే రోజున కిటికీలు, తలుపులు మూసి, పంకాలు ఆపి, వెలిగించిన ఊదుబత్తిని స్కర్టింగు వెంట మెల్లగా జరుపుతూ పోవాలి. పరదాలకు, పరుపులకు, కాగితాలకు నిప్పు తగులకుండా జాగ్రత్త వహించాలి. పొగ నిటారుగా లేచిన చోట సందు లేదని, పొగ గది లోపలికి వంగిన చోట గాలి వస్తున్నదని అర్థం. అటువంటి చోట సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. ఊదుబత్తి లేకపోతే చేతి వెనుక భాగాన్ని తడిపి గోడ మొదట పెట్టినా చల్లదనం తెలుస్తుంది.

పట్టీ కింది అంచు, పై అంచు, మూలలు, నీటి గొట్టాలు నేలలోనుండి పైకి వచ్చిన చోట్లు, పలకల మధ్య సందులు, అన్నీ ఒకే విడత పరీక్షించాలి. ఒకచోట మూస్తే గాలి మరొకచోట నుండి వస్తుంది. కొన్ని చోట్ల మూసి తక్కినవి విడిచినవారు "ఎంత చేసినా ఫలితం లేదు" అని నిరాశ చెందడానికి కారణం ఇదే.

మూసే పద్ధతి

అద్దె ఇంటిలో ఉన్నవారు ముందుగా ఇంటి యజమాని అనుమతి పొందడం ధర్మం, క్షేమం కూడా. తరువాత సందులోని దుమ్మును బ్రష్షుతో దులిపి, పాత లప్పాన్ని గీకి, ఆ చోటును శుభ్రం చేయాలి. దుమ్ము మీద ఏ జిగురూ నిలువదు. ఇది చిన్న మాటగా కనిపించినా సగం పని ఇందులోనే ఉన్నది.

సందు చాలా సన్ననిదైతే, గొట్టాలలో అమ్మే యాక్రిలిక్ లప్పం సరిపోతుంది. తుపాకి వంటి చిన్న పనిముట్టుతో దానిని సన్నని తీగవలె సందులో నింపి, తడి వేలితో నునుపు చేయాలి. ఆరిన తరువాత దానిపై రంగు వేయవచ్చు. సిలికాన్ దీనికంటె బాగా సాగుతుంది గాని సాధారణంగా దానిపై రంగు నిలువదు. రంగు వేయదలచిన చోట సిలికాన్ వాడి తరువాత విచారించేవారు అనేకులు.

సందు పెన్సిలు లావు ఉంటే లప్పం ఒక్కటే నింపరాదు. అది లోపలికి జారిపోతుంది, ఆరిన పిదప విచ్చుతుంది. అటువంటి చోట సందు కంటె కొంచెం లావుగా ఉన్న స్పంజి తాడును ముందుగా లోపలికి నొక్కి, దానిపై లప్పం వేయాలి. తాడు అడుగున ఆధారంగా నిలుస్తుంది.

సందు ఇంకా పెద్దదై, ఎగుడు దిగుడుగా ఉంటే, పావు గుండ్రంగా చెక్కిన సన్నని చెక్కబద్దను పట్టీ మొదట ఆనించి కొట్టడం మేలు. ఇక్కడ ఒక నియమం ఉన్నది. బద్దను పట్టీకే కొట్టాలి, నేలకు కొట్టరాదు. నేల పలకలు ఋతువును బట్టి ఉబ్బుతూ, కుదించుకొంటూ ఉంటాయి. నేలకు కొట్టిన బద్ద నేలతోపాటు కదలి, పట్టీ నుండి విడిపోయి, మరొక సందును సృష్టిస్తుంది. మేకులు కొట్టేముందు పట్టీ వెనుక విద్యుత్తు తీగలు, గొట్టాలు ఉన్నవేమో విచారించడం తప్పనిసరి.

ఏ పదార్థం వాడినా అది కొంత సాగే గుణం కలది కావాలి. చెక్క శీతకాలంలో ఇల్లు వేడి చేసినప్పుడు ఎండి ముడుచుకొంటుంది. తేమ కాలంలో ఉబ్బుతుంది. రాయి వలె గట్టిపడే పదార్థాన్ని నింపితే ఆ కదలికకు అది పగిలిపోతుంది. రెండు కలియని వస్తువులను కలపవలసినది తానే కొంచెం వంగగలిగి ఉండాలి. సంసారాలలో మధ్యవర్తులకు కూడా ఈ గుణమే అవసరం.

మూయరానివి

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. సందులన్నీ మూసిన ఉత్సాహంలో కొందరు ఇంటి వెలుపలికి వెళ్ళి చిల్లుల ఇటుకలను కూడా కాగితాలతో, సిమెంటుతో మూసివేస్తారు. చలి అక్కడినుండే బయలుదేరుతున్నది కనుక మూలాన్నే నరికివేద్దామని వారి ఆలోచన. కాని అది సందు కాదు, గవాక్షం. అది మూసుకొనిపోతే నేల అడుగున గాలి నిలిచిపోతుంది. మట్టిలోని చెమ్మ దూలాలకు పడుతుంది. చెక్కలో తేమ నూటికి ఇరవై పాళ్ళు దాటి అట్లాగే నిలిచి ఉంటే బూజు జాతి శిలీంధ్రాలు దానిని పట్టుకొంటాయి. వాటిలో మిక్కిలి అపాయకరమైన దానికి శాస్త్రజ్ఞులు సెర్పులా లాక్రిమాన్స్ అని పేరు పెట్టారు. లాక్రిమాన్స్ అనగా లాటిను భాషలో కన్నీరు కార్చేది. దాని ఉపరితలంపై కన్నీటి బిందువుల వంటి నీటి చుక్కలు నిలుస్తాయి కనుక ఆ పేరు. అది పట్టిన దూలం గుల్లబారి, చివరకు నేలే కుంగుతుంది. చలికి కాళ్ళు కాపాడుకోబోయి కాళ్ళ కింది నేలనే పోగొట్టుకొన్నట్లవుతుంది. కావున పట్టీ వద్ద సందు మూయాలి. వెలుపలి గోడలోని చిల్లుల ఇటుకను శుభ్రం చేసి తెరచి ఉంచాలి. గాలి దూలాలకు తగలాలి. మన పాదాలకు తగలరాదు.

రెండవది ఇంతకంటె ముఖ్యం. గదిలో ఏదైనా మండుతూ ఉంటే, దానికి గాలి వచ్చే మార్గాన్ని మూయడం ప్రాణాంతకం. బొగ్గుగాని, కట్టెగాని, గ్యాసుగాని చాలినంత గాలి లేక మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజనును పట్టుకొనే దానికంటె ఇన్నూరు రెట్లకు పైగా బలంగా ఈ వాయువును పట్టుకొంటుంది. తలనొప్పి, వికారం, మగత. ఆ మగతనే నిద్ర అనుకొని మనిషి లేవడు. ఇంగ్లండులో మండే పరికరం అమర్చిన గదులలో ఈ వాయువును పసిగట్టి మోగే గంటను అద్దె ఇళ్ళ యజమానులు పెట్టి తీరాలనే నియమం, గ్యాసు వంట పొయ్యిలను మినహాయించి, 2022 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చింది.

మా విద్యార్థిని మేము మొదట ఆ ప్రశ్న ఎందుకు అడిగామో ఇప్పుడు మనవి చేస్తాము. కొన్నేళ్ళ క్రితం పుష్యమాసపు చలిలో మా చెల్లెలు కాన్పై మా ఇంట చిల్లా గదిలో ఉన్నది. నలభై రోజులు బాలింతకు, బిడ్డకు గాలి తగులరాదని మా నానీమా పట్టుదల. ముస్లిముల ఇళ్ళలోనే కాదు, తెలుగునాట ఇంచుమించు అన్ని ఇళ్ళలోనూ ఉన్న ఆచారమే ఇది. మంచం పక్కన కుంపటి పెట్టి లోబాను వేశారు. "తలుపు కింద సందు ఉన్నది బేటా, గుడ్డ కుక్కండి" అన్నది నానీమా. పాత చీర చుట్టి ఆ సందులో కుక్కినవి మా చేతులే. కిటికీ రెక్కల మధ్య కాగితాలు దూర్చినదీ మేమే. పనితనానికి మెచ్చుకోలు కూడా పొందాము.

తెల్లవారుజామున తహజ్జుద్ నమాజుకు లేచిన నానీమా ఆ గది తలుపు తట్టింది. జవాబు లేదు. తలుపు తోసి చూస్తే మా చెల్లెలు తల ఎత్తలేని స్థితిలో ఉన్నది. బిడ్డ ఏడవడం లేదు. ఇద్దరినీ ఆరుబయటికి ఎత్తుకొని వచ్చి, అక్కడినుండి ఆసుపత్రికి పరుగెత్తాము. ఆక్సిజను పెట్టారు. అల్లాహ్ దయవలన ఇద్దరూ దక్కారు. "ఇంకొక గంట ఆలస్యమైతే చెప్పలేము" అన్నారు డాక్టరు. నానీమా ఆ తరువాత ఎన్నడూ కుంపటి పేరు ఎత్తలేదు. ఆమెను ఎవరూ నిందించలేదు. ఆమె చేసినదంతా ప్రేమతోనే. ఆమెకు చదువు లేదు. మాకున్నది. కార్బన్ మోనాక్సైడ్ గురించి పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవారమే మేము. పాఠానికి, తలుపు కింది గుడ్డకు మధ్య ఉన్న సంబంధం మాత్రం మాకు ఆ రాత్రి దాకా తోచలేదు.

మన ఇళ్ళలో

మన ఇళ్ళకు చెక్క నేల లేకపోయినా గోడ మొదటి సందు లేకపోలేదు. నల్లరేగడి భూమి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొంటుంది. ఆ నేలపై కట్టిన ఇంటిలో అడుగున నింపిన మట్టి కుంగితే, తాండూరు బండలుగాని, షాబాదు బండలుగాని గోడ నుండి విడివడి సందు ఇస్తాయి. చలి కంటె ముందు మనకు అందులోనుండి వచ్చేవి చీమలు, తేళ్ళు, చెదలు.

ఇటువంటి చోట పాత సిమెంటుపై కొత్త సిమెంటు పులమడం వృథా. ఉలితో పాతది తొలగించి, దుమ్ము కడిగి, ఆ చోటు తడిపి, అప్పుడు సిమెంటు ఇసుక కలిపి నింపాలి. నేల ఇంకా కుంగుతూనే ఉంటే అది మరల విచ్చుతుంది కనుక, అక్కడ కూడా సాగే లప్పమే మేలు. గోడ మొదట ఉప్పు పూత కనిపిస్తే అది గోడలోనికి చెమ్మ ఎక్కుతున్న గుర్తు. సందు మూసినంత మాత్రాన ఆ చెమ్మ ఆగదు. మట్టి గొట్టాల వంటి చెదల దారులు కనిపిస్తే ముందుగా చెదల మందు పని చేయించాలి. కట్టిన ఇళ్ళలో గోడకు, నేలకు కలిసే చోట వరుసగా రంధ్రాలు చేసి మందు పోసే పద్ధతిని భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడవ భాగం వివరిస్తున్నది. అంతకుముందే సందు మూస్తే చెదలు మరొక దారి వెతుక్కొంటాయి. పుస్తకాల అలమారాను గోడకు ఆనించి పెట్టినవారికి ఈ విషయం అనుభవంలో ఉంటుంది.

వేసవిలో ఇదే సందు మరొక విధంగా నష్టం చేస్తుంది. ఏసీ పెట్టిన గదిలో చల్లని గాలి బరువైనది కనుక అడుగున చేరి, తలుపు కిందనుండి వెలుపలికి జారిపోతుంది. పైసందుల నుండి వడగాలి లోనికి వస్తుంది. బర్మింగ్‌హాంలో లోపలికి వచ్చే గాలి ఇక్కడ వెలుపలికి పోతున్నది. సూత్రం ఒక్కటే. పడకగది తలుపు కింద రబ్బరు పట్టీ అమర్చితే కరెంటు ఖర్చు కొంత తగ్గుతుంది. అయితే మనుషులు నిద్రించే గదిలో కొత్త గాలికి ఏదో ఒక మార్గం ఉండనే ఉండాలి.

వంటగదిలో మాత్రం తలుపు కింది సందును మూయరాదు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారిపోతే నేలమీదనే పరచుకొంటుంది. పైన కిటికీ తెరచి ఉన్నా అడుగున చేరిన గ్యాసు త్వరగా పోదు. దానిని వెలుపలికి పంపగలిగినది నేలను ఆనుకొని ఉన్న ఆ మార్గమే. చీమలు వస్తున్నవని దానిని మూసుకోవడం చిన్న కష్టానికి పెద్ద అపాయాన్ని కొనుక్కోవడమే.

ముగింపు

ఇరాన్ దేశంలోని యజ్ద్ నగరంలో ఇళ్ళపై బాద్‌గీర్ అనే గోపురాలు ఉన్నవి. బాద్ అనగా గాలి, గీర్ అనగా పట్టుకొనేది. పైన వీచే గాలిని పట్టి ఇంటిలోనికి దింపుతాయి. అక్కడివారు గాలి కొరకు గోపురాలు కట్టారు; చలి దేశాలవారు గాలికి భయపడి పట్టీలు కొట్టారు. ఇద్దరూ తెలివైనవారే. ఏ గాలి కావాలో, ఎక్కడ కావాలో ఎరిగి చేసిన పనులవి.

కాబట్టి సందు కనిపించగానే లప్పం తీయవద్దని మన విద్యార్థులకు మా మనవి. మూడు ప్రశ్నలు వేసుకొనండి. ఈ గదిలో ఏదైనా మండుతున్నదా? ఈ ఖాళీ దానంతట అది ఏర్పడినదా, కట్టినవారు కావాలని విడిచినదా? దీనిని మూస్తే లోపలి చెమ్మ, పొగ, గ్యాసు ఎటు పోతాయి? ఈ మూడింటికీ జవాబు దొరికిన తరువాతనే మూయండి. అప్పుడు నిస్సంకోచంగా, శుభ్రంగా, పూర్తిగా మూయండి.

మా విద్యార్థి నుండి తిరిగి జవాబు వచ్చింది. ఆ గదిలో మండేది ఏదీ లేదట. వేడినీటి గొట్టాలే ఉన్నవట. యజమాని అనుమతితో నలుగురు మిత్రులు కలసి ఒక ఆదివారమంతా కూర్చొని పట్టీల సందులు మూశారు. వెలుపల గోడకు అడుగున ఆకులతో పూడుకొనిపోయిన రెండు చిల్లుల ఇటుకలను వెదకి శుభ్రం చేశారు. "ఇప్పుడు కాళ్ళు వెచ్చగా ఉంటున్నాయి సార్" అని వ్రాశారు. ఇటుకలు శుభ్రం చేశామన్న వాక్యాన్ని మాత్రం మేము రెండుసార్లు చదువుకొన్నాము.